మొగ్గు అనే గడి

ఆ ఆఫీసులో తీర్పుల్ని తోక వైపు నుంచి చదువుతారు.

ఇది ఎవరో సోమరిపోతు కనిపెట్టిన పద్ధతి కాదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పే విద్య. ఫైలు చేతికి రాగానే బోర్లించాలి, ఆఖరి పేజీ తియ్యాలి. అక్కడ "దావా కొట్టివేయడమైనది" అనో, "వాది కోరినట్టే డిక్రీ ఇవ్వడమైనది" అనో రెండు లైన్లుంటాయి. పెద్ద పార్టీ గెలిస్తే ఎర్ర పెన్సిలుతో టిక్కు, చిన్న పార్టీ గెలిస్తే నీలం పెన్సిలుతో టిక్కు. ఆ పైన ఇంకో ఫైలు. మరి మధ్యలో అన్నేసి పేజీలు ఎందుకున్నాయి అంటారా? మొదటి పేజీకీ చివరి పేజీకీ నడుమ ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకు.

హైకోర్టుకి ఎవరి పేరైనా ప్రతిపాదించినప్పుడు ఆ మనిషి కింది కోర్టులో ఇచ్చిన తీర్పులన్నీ తిరగేసి, ఏ భావాల మనిషో తేల్చి, ఎంపిక సంఘానికి ఒక్క పేజీ నోటు పంపడం ఆ ఆఫీసు పని. నోటులో పన్నెండు గడులు ఉంటాయి. పుట్టిన తేదీ, చదువు, అనుభవం, ఆరోగ్యం, అలా పదకొండు. పన్నెండో గడి పేరు 'మొగ్గు'. అగ్గిపెట్టెంత గడి అది. ఒక మనిషి పదకొండేళ్ళు న్యాయపీఠం మీద కూర్చుని ఆలోచించిందంతా మడతపెట్టి ఆ అగ్గిపెట్టెలో కుక్కాలి. సంఘంలోని పెద్దలు మిగతా పదకొండు గడుల మొహం కూడా చూడరని అందరికీ తెలుసు.

ఆ గడి నింపే ఆవిడని ఆఫీసంతా భూతద్దం అంటారు. కామా పక్కన ఈగ వాలినా పట్టుకుంటుందని వచ్చిన పేరు. మొహం మీద పిలిచినా ఏమీ అనుకోదు. "భూతం అని ఊరుకోకుండా అద్దం కూడా తగిలించారు, అదే పదివేలు" అంటుంది.

ఒక సోమవారం పొద్దున్న ఆమె బల్ల పక్కకి నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. పదకొండేళ్ళలో ఇచ్చిన నూట అరవై ఎనిమిది తీర్పులు, అన్నీ వాణిజ్య కోర్టువి, అన్నీ వ్యాపార తగాదాలు. శుక్రవారం సంఘం సమావేశం కాబట్టి గురువారం సాయంత్రానికి నోటు వెళ్ళిపోవాలి. పెట్టె మీద అతికించిన జడ్జిగారి పేరు చదివి భూతద్దం కూర్చున్న కుర్చీలోనే మరోసారి కూలబడింది. ఆ పేరు ఆమె ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఎవరూ పలకరు. ఆవిణ్ణి వాళ్ళింట్లో 'గడియారం' అంటారు.

ఎందుకో చెప్పాలంటే నాన్న సంగతి చెప్పాలి. నాన్నది రబ్బరు పని. కుక్కరు మూతలకి వేసే రింగులు తయారుచేసేవాడు. ఎనిమిది మంది పనివాళ్ళతో చిన్న షెడ్డు, పంతొమ్మిదేళ్ళుగా ఒకే కుక్కర్ల కంపెనీకి సరఫరా. ఒకనాడు ఆ కంపెనీ ముప్ఫై రోజుల నోటీసిచ్చి, ఇక మీ రింగులు మాకు అక్కర్లేదంది. ఒప్పందంలో ఆ ముప్ఫై రోజుల మాట ఉంది. నాన్న దావా వేశాడు. కేసు ఈ జడ్జిగారి ముందుకే వచ్చింది, నాన్న ఓడిపోయాడు. షెడ్డు మూతపడింది. ఆ కంపెనీ కొలతలకి చేయించిన అచ్చులు ఇప్పుడు వంటింటి అటక మీద ఉన్నాయి. ఏ మూతకీ పనికిరావు, పారెయ్యడానికి ఎవరికీ చేతులు రావు.

ఓడినందుకు కాదు నాన్న ఏడుపు.

"ఇద్దరు కోర్టుకెక్కితే ఒకడు ఓడక తప్పదు. అది నాకూ తెలుసు. కానీ నేను మాట్లాడుతున్నానే! పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి పదిమందిలో నిలబడి నోరు విప్పానే! సరిగ్గా అప్పుడే ఆవిడ కుర్చీలోంచి ముందుకి వంగి గడియారం చూసుకుంది." ఈ మాట ఆయన వెయ్యిసార్లు అని ఉంటాడు. గడియారం సాక్షి బోను వెనక గోడకి ఉండేది. అది భోజనం వేళ. "నా పంతొమ్మిదేళ్ళ గోడు కంటే ఆవిడకి క్యారేజీ ముఖ్యమైంది" అని ముగిస్తాడు ప్రతిసారీ.

కేసు పోయిన రోజున లాయరు తీర్పులో ఆఖరి పేజీ జిరాక్సు తీసి చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. ఆ ఇంట్లో ఆ తీర్పంటే ఆ ఒక్క పేజీయే.

తనవాళ్ళ కేసు తగిలితే వెంటనే కార్యదర్శిగారికి చెప్పి ఫైలు వదిలెయ్యాలని ఆఫీసులో నియమం ఉంది. ఆ నియమం టైపు చేసి తలుపు వెనక అంటించింది సాక్షాత్తూ భూతద్దమే. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే వంద సాకులు చూపించగలదు గానీ నిజం ఒకటే. ఈ గడి తన చేత్తో నింపాలని ఆమెకి ఉంది. నాన్న ఫైలు ఎక్కడుందో వెతికి, తెరవకుండానే అట్ట మీద ఎర్ర టిక్కు పెట్టి నాలుగో పెట్టె అడుక్కి తోసేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న ముందుగదిలో కూర్చుని పక్కింటివాళ్ళ కుక్కరు రింగు పరీక్ష చేస్తున్నాడు. ఆ వీధిలో ఎవరి కుక్కరు ఆవిరి వదిలినా రింగు ఆయన దగ్గరికే వస్తుంది. వంచి చూసి, ఇంకా ఆరునెలలు వస్తుందనో, దీని పని అయిపోయిందనో చెబుతాడు. ఆయన చెప్పిన గడువు తప్పడం ఎవరూ చూడలేదు.

"నాన్నా, గడియారాన్ని హైకోర్టుకి పంపాలనుకుంటున్నారు" అంది చెప్పులు విప్పుతూ.

నాన్న చేతిలో రింగు ఆగింది. "పంపేశారా?"

"ఇంకా లేదు. ఎటువంటి మనిషో నేను నోటు రాయాలి. ఒక్క మాట రాయాలి."

"నువ్వా?" ఆయన రింగు పక్కన పెట్టాడు. "తల్లీ, నేను నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఆవిడ ఇంకా పెద్ద కుర్చీలో కూర్చుని ఇంకా పెద్ద గడియారం చూసుకోకూడదు. అంతే."

"ఒక్క మాటేగా నాన్నా, దాంతో ఏమవుతుందో..."

"ఒక్క మాట చాలు. మనకి మాత్రం ఆవిడ ఒక్క పేజీ కంటే ఎక్కువిచ్చిందా?"

ఆమె సరేనంది.

బుధవారం మధ్యాహ్నానికి టిక్కులు పూర్తయ్యాయి. వాటిని లెక్కగట్టింది పట్టికల పంతులు. పక్క బల్ల ఆయనది. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ ఆఫీసులో చేరాడు. ఏ విషయమైనా నిలువు గీతలూ అడ్డగీతలూ గీస్తే తప్ప ఆయనకి అర్థం కాదు. ఇంట్లో పప్పు డబ్బాలకి కూడా పట్టిక గీశాడని చెప్పుకుంటారు.

"ఎరుపు నూట తొమ్మిది, నీలం యాభై తొమ్మిది" అన్నాడు. "నూటికి అరవై అయిదు పెద్దవాళ్ళవైపే. అనుమానమే లేదు, కంపెనీల మనిషి. రాసెయ్యండమ్మా, టీ తాగుదాం."

భూతద్దం పన్నెండో గడిలో పెన్సిలుతో 'కంపెనీల వైపు' అని రాసింది. రాస్తుంటే కడుపులో చల్లగా ఉన్నమాట నిజం. ఇందులో తను చేసిన అన్యాయం ఏముంది, పంతులుగారి లెక్కే చెబుతోంది కదా అనుకుంది. ఇక మిగిలింది ఒకే పని. గడిలో రాసినదానికి సాక్ష్యంగా తీర్పుల్లోంచి రెండు వాక్యాలు ఎత్తి నోటు అడుగున రాయాలి. మామూలుగా అయిదు నిమిషాల పని.

కట్టలోంచి ఎర్ర టిక్కున్న ఫైలు ఒకటి లాగింది. బంగాళాదుంపల రైతులు శీతల గిడ్డంగి మీద వేసిన దావా. కరెంటు పోయి దుంపలు కుళ్ళాయి. మధ్య పేజీల్లోకి వెళ్ళి కంపెనీని మెచ్చుకున్న వాక్యం కోసం వెతికితే ఇది దొరికింది: "కరెంటు పోవడం తన తప్పు కాదని గిడ్డంగి అంటున్నది. కానీ తాళం గిడ్డంగి చేతిలో ఉన్నంతకాలం రైతు చేయగలిగినది తలుపు బయట నిలబడి వాసన చూడటం ఒక్కటే."

'ఇదేంటి, నీలం టిక్కు పెట్టాల్సిన ఫైలుకి ఎరుపు పెట్టామా' అనుకుని ఆఖరి పేజీ తిప్పింది. దావా కొట్టేశారు. రైతులే ఓడారు. టిక్కు సరిగ్గానే ఉంది.

ఇంకోటి లాగింది. ఈసారి నీలం టిక్కు. పెద్ద రొట్టెల కంపెనీ ఒకటి, తన పేరుకి దగ్గరగా పేరు పెట్టుకుందని వీధి చివర చిన్న దుకాణం నడిపే ఒకావిడ మీద వేసిన కేసు. చిన్నావిడ గెలిచింది. తీరా మధ్యలో చూస్తే: "పేరు అంటే గోడ మీద రంగు కాదు. తమ రొట్టె తిని ఎవరూ కడుపునొప్పితో పడుకోలేదని నలభై ఏళ్ళు వందలమంది తెల్లవారుజామున లేచి నిలబెట్టుకున్న మాట అది. ఆ మాటని మరొకరు తేరగా వాడుకుంటే ఊరుకోమని చెప్పడం తేలిక కాదు." రొట్టెల కంపెనీ లాయరు జన్మలో అంత బాగా చెప్పి ఉండడు. అయినా కంపెనీ ఓడింది!

భూతద్దానికి పట్టుదల వచ్చింది. మూడోది తీసింది, నాలుగోది తీసింది. టీ చల్లారిపోయింది. పదో ఫైలు దగ్గర ఆమె కంటికి ఒక మాట తగిలింది. నిజానికి మొదటి ఫైలునుంచీ అది అక్కడే ఉంది, చూడనిది తనే. ప్రతి తీర్పులోనూ దాదాపు మూడువంతుల దారి నడిచాక ఒక పేరా ఒకే ఒక్క మాటతో మొదలవుతోంది.

'అయినప్పటికీ.'

తీర్పు మొత్తంలో ఆ మాట ఒక్కసారే వస్తుంది. దానికి ముందు పేజీలకి పేజీలు ఒక పక్షం మాట. దాని తర్వాత చట్టం ఏమంటుందో క్లుప్తంగా. ఆ తర్వాత తోక. ముందు ఎవరి మాట అంత పొడుగ్గా, అంత బలంగా ఉంటుందో, తోకలో ఓడేది వాళ్ళే.

"పంతులుగారూ, ఒకసారి ఇలా రండి" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ ఫైలు చివర నా చేత్తో మూసేస్తాను. ఈ మాట దాకా చదివి ఎవరు గెలుస్తారో చెప్పండి."

పంతులు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. బస్సులు అద్దెకి తీసుకుని నడిపే డ్రైవర్లు యజమాని మీద వేసిన దావా. చదువుతూ చదువుతూ తల ఊపాడు. "ఇంకెవరమ్మా, డ్రైవర్లే. వాళ్ళ తరఫున ఇంత గట్టిగా చెప్పాక యజమానికి గెలుపెక్కడిది?"

ఆమె చెయ్యి తీసింది. యజమాని గెలిచాడు.

"ఏదో కాకతాళీయం" అన్నాడు పంతులు. రెండోది కూడా తప్పు చెప్పాడు. మూడోదీ తప్పే. ఆయనకి పౌరుషం వచ్చి నంబర్లు చీటీలు రాసి, టోపీలో వేసి కలిపి, ముప్ఫై ఫైళ్ళు తీశాడు. ఇద్దరూ చెరో పదిహేను పంచుకుని చదివారు. సగం అయ్యేసరికి కాగితాలు తిరగడం, మధ్యమధ్య పంతులు "ఓరి నాయనో" అనడం తప్ప ఆ గదిలో చప్పుడు లేదు. ముప్ఫైలో ఇరవై తొమ్మిది అదే తీరు. ముప్ఫయ్యోది మాత్రం లెక్కకి అందలేదు. అందులో 'అయినప్పటికీ' రెండుసార్లు ఉంది. ఇద్దరు భాగస్వాములు ఒకరి మీద ఒకరు వేసుకున్న కేసు అది. తోక తిప్పి చూస్తే ఇద్దరూ ఓడారు.

పంతులు ముక్కున వేలేసుకున్నాడు. అంతటితో ఆగక లేచి నిలబడ్డాడు. కూర్చుని ఒప్పుకునే సంగతిలా లేదు అది.

"ఈవిడ ఎవరి వైపమ్మా అసలు?"

"ఓడేవాళ్ళ వైపు" అంది భూతద్దం. "వాళ్ళని ఓడించేముందు దాకా."

నూట అరవై ఎనిమిది తగాదాలు. ఒక్కోదాంట్లో ఎవరినో ఖాళీ చేతులతో ఇంటికి పంపాలి. పంపేముందు ప్రతిసారీ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ కళ్ళతో చూసి, వాళ్ళ లాయర్లకి కూడా తట్టని మాటలు వెతికి రాసి పెట్టింది. అదీ పదకొండేళ్ళు, ఎవరూ అడగకుండా, ఎవరూ చదవని పేజీల్లో. భూతద్దానికి ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. నాన్న గుర్తొచ్చాడు మరి.

"అయితే మాత్రం?" అంది గట్టిగా. "వాత పెట్టి వెన్న రాయడం విన్నాం గానీ, ముందు వెన్న రాసి తర్వాత వాత పెట్టడమేంటండీ? తియ్యగా నాలుగు మాటలు రాస్తే ఓడినవాడి కడుపు నిండుతుందా?"

పంతులు తొందరపడలేదు. "పిల్లాడు తప్పు లెక్క చేస్తే, దాన్ని కొట్టేసేముందు వాడు ఏ దారిన వెళ్ళాడో ఆ దారంతా మనమూ నడిచి చూడాలి. ముప్ఫై ఏళ్ళు ఈ మాట అందరికీ చెప్పాను. నేను మాత్రం ఒక్కరోజూ చెయ్యలేదమ్మా. ఇంటూ కొట్టేసి పుస్తకం విసిరేసేవాణ్ణి, టైమెక్కడిది? ఈవిడకి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఆయన చేతిలోని ఫైలుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. "అది వెన్నో, నిజమో మనం చెప్పలేం. ఓడినవాడే చెప్పాలి. ఓడినవాణ్ణి ఎవర్నైనా పట్టుకుని అడగాలి."

భూతద్దం తల దించుకుంది. ఎవర్నో పట్టుకోనక్కర్లేదు. నాలుగో పెట్టె అడుగున ఉంది.

గురువారం పొద్దున్న అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి ఆ ఫైలు తీసింది. చేతులు ఊరుకోలేదు, అలవాటు కొద్దీ దాన్ని బోర్లించబోయాయి. వాటిని ఆపి మొదటి పేజీ తిప్పింది. పద్నాలుగు పేజీలు. పద్నాలుగోది ఆమెకి కంఠతా వచ్చు. మిగతా పదమూడూ ఇప్పుడే చూడటం.

తొమ్మిదో పేజీకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత లేచి, ఫైలు గుండెకి హత్తుకుని, తిన్నగా కార్యదర్శిగారి గదిలోకి నడిచింది.

కార్యదర్శిగారు సన్నటి మనిషి. మాటలు కూడా సన్నగా, లెక్కపెట్టినట్టు వస్తాయి.

"సార్, ఇందులో వాది మా నాన్న" అంది.

ఆయన ఫైలు చూశాడు, ఆమెని చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం పొద్దున్న."

"ఇవాళ గురువారం."

"అవును సార్. కావాలనే చెప్పలేదు. గడి నేనే నింపాలనుకున్నాను. 'కంపెనీల వైపు' అని రాశాను కూడా. ఇందాకే చెరిపేశాను."

"మరిప్పుడేం రాస్తారు?"

"నేనేమీ రాయకూడదు సార్. రాయడానికి నాకు అర్హత లేదు."

"వారం మొత్తానికి మీరన్న మొదటి సరైన మాట" అన్నాడాయన. వివరణ అడుగుతూ మెమో ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. ఫైళ్ళన్నీ పంతులుకి అప్పగించమన్నాడు. తర్వాత నుదురు నొక్కుకుంటూ, "సంఘంలో సగంమంది ఆవిడ కంపెనీల మనిషని వినాలనుకుంటున్నారు, సగంమంది కాదని వినాలనుకుంటున్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం" అని గొణుక్కున్నాడు.

పంతులు ఆ సాయంత్రం దాకా తన పట్టిక ముందు కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, గీసిన పట్టికని చింపేశాడు. నోటుకి మూడు తీర్పులు పూర్తిగా జతచేశాడు. పన్నెండో గడిలో ఆయన రాసింది ఇరుకిరుకుగా పట్టింది: 'మొదటి పేజీ నుంచి చదవగలరు.' కార్యదర్శిగారు ఆ గడి చదివి సంతకం పెట్టాడు. మరి ఆ పెద్దలు చదువుతారో, వాళ్ళూ బోర్లిస్తారో రేపు గానీ తెలియదు.

భూతద్దం తీర్పు నకలు ఒకటి తీయించుకుంది. తీర్పు బహిరంగమే, ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగలేదు, అంతే.

నకలు సంచిలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. నాన్న జీవితంలో అడిగింది ఒక్కటి. ఆ ఒక్కటీ చేతిలో ఉండి కూడా చెయ్యకుండా వస్తోంది.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "రాశావా?"

"లేదు నాన్నా. నన్ను తీసేశారు. కాదులే, నేనే వెళ్ళి చెప్పాను. మన కేసు సంగతి."

నాన్న మొహం వాడిపోయింది. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఒక్కటి వింటావా?" అని ఎదురుగా కూర్చుని కాగితాలు తీసింది.

"ఏంటది?"

"మన తీర్పు. మొత్తం."

"నా దగ్గరుందిగా."

"నీ దగ్గరున్నది తోక నాన్నా." జవాబు కోసం ఆగకుండా చదవడం మొదలుపెట్టింది. "వాది తరఫు న్యాయవాది ఒప్పందంలోని నిబంధనల గురించి రెండు రోజులు చెప్పారు. వాది చెప్పదలచుకున్నది అది కాదని ఈ కోర్టు భావిస్తున్నది."

"ఆ లాయరు నా మాట ఏనాడు విన్నాడు గనక" అన్నాడు నాన్న గోడకేసి చూస్తూ. కానీ కట్టుకున్న చేతులు కాస్త వదులయ్యాయి.

"ఏడో నంబరు వస్తువుగా దాఖలైన రబ్బరు రింగుల కట్టను సాక్షి బోనులో ఉన్న వాది చేతికి ఇచ్చినప్పుడు ఆయన వాటి మీది తేదీల చీటీలు చూడలేదు. ఒక్కొక్కటీ బొటనవేలితో వంచి వదిలి, ఇది ఫలానా ఏటిది, ఇది వానల్లో చేసినది అని చెబుతూ వరసలో పెట్టారు. తరువాత చీటీలతో పోల్చి చూడగా పదకొండుకి పదకొండూ సరిపోయాయి."

"పన్నెండు" అన్నాడు నాన్న చటుక్కున. "పన్నెండిచ్చారు నాకు." మళ్ళీ తనే ఆలోచించుకుని, "ఒకదానికి చీటీ ఊడిపోయింది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబోలు. అవునులే, పదకొండే సరి" అన్నాడు.

ఆమె పేజీ మీద వేలు పెట్టుకుంది. తర్వాతి వాక్యం చదవగలనో లేదోనని భయం వేసింది.

"ఆ సమయంలో ఆయన మాట కంటే ఆయన వేళ్ళు ఎక్కువ చెబుతున్నందున, వాటిని చూడటానికి ఈ కోర్టు తన స్థానంలోంచి ముందుకి వంగవలసి వచ్చింది."

  నాన్న తన రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టి వాటిని చూసుకున్నాడు.

"గడియారం కాదా?" అన్నాడు చివరికి. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"కాదు నాన్నా."

"నా చేతులా?"

"నీ చేతులే. నీ వైపే మొగ్గింది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "తొమ్మిదేళ్ళు ఆవిణ్ణి తిట్టానే" అన్నాడు. భూతద్దం మిగిలింది చదివింది: "ఒకే మూతకి పంతొమ్మిదేళ్ళు అమరిన చెయ్యి, ఆ మూత పోయాక దేనికి అమరుతుంది? ఈ ప్రశ్నకి కంపెనీ దగ్గర జవాబు లేదు. ఈ కోర్టు దగ్గరా లేదు."

అక్కడ ఆపింది. తర్వాతి మాట ఏమిటో ఆమెకి తెలుసు. ఇవాళ్టికి ఇక్కడితో చాలనుకుంది.

"ఆపావేం?" అన్నాడు నాన్న.

"దీని తర్వాత మనం ఓడిపోతాం నాన్నా."

"ఆ సంగతి కొత్తా? చదువు. నా మాట అంతలా విన్న మనిషి. ఆవిడ మాట నేను వినొద్దా?"

"అయినప్పటికీ" అని చదివింది ఆమె, "ముప్ఫై రోజులన్న మాట కింద సంతకం ఉన్నది. ఆ సంతకం కూడా ఆ చేతిదే. ఇంత తెలిసిన చెయ్యి పెట్టిన సంతకాన్ని తెలియక పెట్టినదిగా ఎంచడం ఆ చేతికి అవమానం. ఈ కోర్టు ఆ పని చేయజాలదు."

 నాన్న మెల్లగా తల ఊపాడు. రింగు వంచి చూసి దాని గడువు చెప్పేముందు ఊపినట్టే ఊపాడు.

"నిజమే. తెలిసే పెట్టాను. కంపెనీ మనల్ని వదులుకోదులే అన్న ధీమాతో పెట్టాను" అన్నాడు. "వెళ్ళనీ తల్లీ. ఆవిణ్ణి పైకి వెళ్ళనీ."

లేచి లోపలికెళ్ళాడు. బీరువా తలుపు చప్పుడైంది. ప్లాస్టిక్ కవరుతో తిరిగొచ్చి, అందులోంచి ఆ పాత పేజీ బయటికి తీశాడు. అంచులు పసుపురంగు తిరిగాయి. కూతురి చేతిలోంచి నకలు తీసుకుని, దాని ఆఖరి పేజీ లాగి పక్కన పెట్టి, పదమూడో పేజీ కిందికి తన పేజీని చేర్చాడు. అంచులు సమంగా ఉన్నాయో లేవో బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"మళ్ళీ మొదటినుంచి చదువు" అన్నాడు.